గొడవల ఇంట్లో పిల్లలు: ఎవరికి చెప్పాలి, ఎవరేం చేయాలి

భార్యను కొట్టే ఇంట్లో పెరిగే పిల్లల గురించి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో టీచర్లవి ఉన్నాయి, తల్లులవి ఉన్నాయి, పోలీసు స్టేషన్ నుంచి, డీవీ సెల్ (గృహహింస, అంటే డీవీ కేసులు చూసే విభాగం) నుంచి రాసినవీ ఉన్నాయి. అన్నిటిలోనూ చిక్కు ఒకటే. స్టేషన్లో ఒక కాగితం, ఆసుపత్రిలో ఒక చీటీ, బడి హాజరుపట్టీలో కొన్ని సున్నాలు. అవి ఒక చోటికి చేరవు. జవాబులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ వర్తించే కేంద్ర చట్టాలను బట్టి ఇచ్చాం. రాసినవారి పేర్లు, ఊర్లు తీసేశాం.

ప్రశ్న: మా బళ్లో మూడో తరగతి పిల్ల సోమవారం వస్తే చాలు, బెంచీ మీదే నిద్రపోతుంది. మొన్న దగ్గరికి పిలిచి అడిగితే, "నాన్న అమ్మను కొడతాడు మిస్, నేను తమ్ముణ్ణి బాత్రూంలోకి తీసుకెళ్లి గడియ పెట్టుకుంటా" అంది. అమ్మానాన్నలను పిలిపించి మాట్లాడదామని మా హెచ్‌ఎం గారంటున్నారు. పిలిపించవచ్చా? పై అధికారులకు చెబితే రేపు నామీదికేమైనా వస్తుందా? (ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు)

జవాబు: ఇద్దర్నీ కలిపి పిలిపించవద్దు. పిల్ల బళ్లో నోరు విప్పిందని తండ్రికి తెలిసిన రాత్రి ఆ ఇంట్లో జరిగేదాన్ని మీరుగానీ హెచ్‌ఎం గారుగానీ ఆపలేరు. దెబ్బలు తల్లికి పడతాయి, పిల్ల ఇక ఎవరికీ చెప్పదు.

ముందు పిల్లతో. "నాతో చెప్పి మంచి పని చేశావు. ఇందులో నీ తప్పేమీ లేదు" అనండి. "ఎవరికీ చెప్పనులే" అని మాత్రం ఒట్టు పెట్టకండి, ఆ ఒట్టు మీరు నిలబెట్టుకోలేరు. "మీకు సాయం చేసేవాళ్లు ఒకరిద్దరికి చెబుతాను, చెప్పేముందు నీకు చెబుతాను" అంటే సరిపోతుంది. "అప్పుడేమైంది?", "తర్వాత?" అని అడగండి, అంతే. "నాన్న బెల్టుతో కొట్టాడా?" అని మీరు మాట అందిస్తే, రేపు కోర్టులో అది టీచరు నేర్పిన మాట అంటారు. ఒక్కసారి అడిగితే చాలు. మీరు, తర్వాత హెచ్‌ఎం, ఆ తర్వాత ఎంఈఓ వరసగా అడుగుతూ పోతే పిల్ల చెప్పే మాట ప్రతిసారీ కొంచెం మారుతుంది. ఆ మార్పునే పట్టుకుని అబద్ధమని తేలుస్తారు.

అదే రోజు రాసి పెట్టండి. ఇలా ఉంటే పనికొస్తుంది: "12వ తేదీ సోమవారం, ఉదయం 11.20. లెక్కల పీరియడ్లో నిద్ర. విడిగా అడిగితే, 'నాన్న అమ్మను కొడతాడు మిస్, నేను తమ్ముణ్ణి బాత్రూంలోకి తీసుకెళ్లి గడియ పెట్టుకుంటా' అన్నది. కుడి మోచేతి పైన రూపాయి బిళ్లంత పాత కమిలిన మచ్చ. ఎలా తగిలిందంటే తల దించుకుంది. గత రెండు నెలల్లో 9 రోజులు రాలేదు, అందులో 6 సోమవారాలు." ఇందులో పిల్ల మాట పిల్ల మాటగానే ఉంది, కంటికి కనిపించింది ఉంది, లెక్క ఉంది. "తండ్రి తాగుబోతు, కొట్టే ఉంటాడు" లాంటి ఊహ లేదు. ఆ సోమవారాల లెక్క చాలా విలువైనది. శని, ఆదివారాల్లో ఏం జరుగుతోందో దాన్ని బట్టే తెలుస్తుంది, పైగా అది బడి దగ్గర తప్ప మరే ఆఫీసులోనూ దొరకదు.

తర్వాత పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయండి. ఆ క్షణంలోనే ప్రమాదం ఉంటే 112కి. ఎవరితో ఎన్ని గంటలకు మాట్లాడారో మీ కాగితం చివర రాసుకోండి. నోటిమాటతో ఆపకుండా, ఆ కాగితం నకలు జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి (డీసీపీయూకు) ఒకటి, గృహహింస చట్టం కింద ఉండే ప్రొటెక్షన్ ఆఫీసర్‌కు ఒకటి పంపండి. రెండో నకలు ఎందుకంటే, మొదటి ఆఫీసు పిల్లను చూస్తుంది, రెండోది తల్లిని చూస్తుంది. ఒకదానికే పంపితే సగం ఇల్లే కనిపిస్తుంది.

మీ భయం గురించి. గృహహింస చట్టం 4వ సెక్షన్ ప్రకారం హింస జరుగుతోందని, జరగబోతోందని నమ్మడానికి కారణమున్న ఎవరైనా ప్రొటెక్షన్ ఆఫీసర్‌కు సమాచారం ఇవ్వవచ్చు. మంచి మనసుతో ఇచ్చిన సమాచారానికి సివిల్‌గా గానీ క్రిమినల్‌గా గానీ బాధ్యత ఉండదు. ఒకవేళ పిల్ల మాటల్లో లైంగిక హింస జాడ కనిపిస్తే లెక్క మారిపోతుంది. పోక్సో చట్టం 19వ సెక్షన్ కింద పోలీసులకు చెప్పడం మీ విధి, చెప్పకపోవడం నేరం. దానికి హెచ్‌ఎం గారి అనుమతి అక్కర్లేదు.

తల్లికి చీటీ రాసి పిల్ల సంచిలో పెట్టకండి, వాట్సాప్ పెట్టకండి. ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉందో మీకు తెలియదు. ఆమె ఒక్కతే బడికి వచ్చే సమయం చూసి, రెండు నిమిషాలు పక్కకు పిలిచి, మహిళల సహాయవాణి 181 నంబరు నోటితో చెప్పండి.

బాత్రూం సంగతి వదలకండి. బాత్రూంకు ఒకటే తలుపు, అటు దాక్కున్నవాళ్లకు బయటపడే దారి లేదు. వంటింట్లో కత్తులు, వేడి నూనె. గొడవ మొదలైతే తమ్ముణ్ణి తీసుకుని వీధి తలుపు వైపు పోవాలి, అమ్మకూ నాన్నకూ మధ్యలోకి వెళ్లకూడదు, ఫలానా పక్కింటి తలుపు తట్టాలి, 112కి ఫోన్ చేసి ఇంటి గుర్తు చెప్పాలి. పిల్లకు ఈ నాలుగు ముక్కలు నేర్పించాలి. ఆ పక్కింటివాళ్లు ఎవరన్నది తల్లితో, శిక్షణ ఉన్న కౌన్సెలర్‌తో కలిసి తేల్చుకోవాలి. తమ్ముణ్ణి కాపాడే భారం ఎనిమిదేళ్ల పిల్ల నెత్తిన ఉందంటేనే పెద్దవాళ్లం ఆలస్యం చేశామని అర్థం.

ప్రశ్న: ఆయన పిల్లల జోలికి ఎప్పుడూ పోలేదు. నన్నే కొడతాడు. డీవీ కేసు వేస్తే పిల్లల గురించి కూడా అడగవచ్చా, లేక అది వేరే కేసా? (ఇద్దరు పిల్లల తల్లి)

జవాబు: అదే కేసులో అడగవచ్చు. 2005 నాటి గృహహింస చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. అందులో 18 ఏళ్లలోపు ఎవరైనా బిడ్డే. పెంచుకున్న బిడ్డ, సవతి బిడ్డ కూడా లెక్కలోకి వస్తారు. మీకు దగ్గరివాళ్లను కొడతానని పదేపదే బెదిరించడం కూడా ఈ చట్టం దృష్టిలో మీమీద జరిగిన మానసిక హింసే. "పిల్లల్ని చంపేస్తా" అన్న మాటలుంటే తేదీలతో సహా డీఐఆర్‌లో, అంటే ప్రొటెక్షన్ ఆఫీసర్ నింపే గృహహింస సంఘటన నివేదికలో రాయించండి.

మేజిస్ట్రేట్‌ను ఏమేం అడగాలో తెలిసి ఉండాలి. 18వ సెక్షన్ కింద రక్షణ ఉత్తర్వు అడిగేటప్పుడు పిల్లల బడి పేరు రాసి, ఆయన అక్కడికి రాకూడదని అడగండి. 19 కింద ఇంట్లో ఉండే హక్కు, 20 కింద మీ ఖర్చుతోపాటు పిల్లల ఫీజులు, వైద్యం, తిండి ఖర్చులు, 21 కింద పిల్లల తాత్కాలిక సంరక్షణ. వెంటనే కావాలంటే 23 కింద అవతలివాళ్లు రాకముందే మధ్యంతర ఉత్తర్వు ఇచ్చే వీలుంది. మామూలుగా మొదటి వాయిదా దరఖాస్తు అందిన 3 రోజుల్లో పెట్టాలి, ఆ వాయిదా నుంచి 60 రోజుల్లో ముగించే ప్రయత్నం చేయాలి. ఆచరణలో సాగదీస్తారు, కాబట్టి మధ్యంతర ఉత్తర్వు అడగకుండా వదలొద్దు. రక్షణ ఉత్తర్వు మీరితే ఏడాది వరకు జైలు లేదా 20,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ.

"పిల్లల జోలికి పోలేదు" అన్నారు. మీరు అబద్ధం చెప్పడం లేదని తెలుసు. కానీ రెండేళ్ల పిల్లవాడు గొంతు పెరగగానే బిగుసుకుపోతాడు, మాటలు వచ్చినవాడు మళ్లీ తడబడతాడు, మానేసిన పక్క తడపడం తిరిగి మొదలవుతుంది. ఎదిగిన పిల్ల మీకు కాపలా కాయడానికి బడి ఎగ్గొడుతుంది. ఇవి మీ ఇంట్లో ఉన్నాయేమో చూడండి. ఉంటే అవి కూడా కాగితం మీదికి ఎక్కాలి.

ప్రశ్న: మేం డీఐఆర్‌లు రాస్తూనే ఉన్నాం, పోలీసులు వాళ్ల కేసులు వాళ్లు రాస్తున్నారు. ఏడాది తర్వాత చూస్తే అదే ఇంటి పిల్ల బడి మానేసిందని డీసీపీయూ వాళ్ల ద్వారా తెలుస్తుంది. ఈ ఆఫీసులన్నీ ఒక తాటి మీదికి రావాలంటే ఏం చేయాలి? (డీవీ సెల్ కౌన్సెలర్)

జవాబు: ఈ ప్రశ్నకు కాస్త వివరంగా జవాబు చెప్పాలి, ఎందుకంటే లోపం మనుషుల్లో కంటే కాగితాలు నడిచే దారిలో ఉంది. గృహహింస చట్టం 9వ సెక్షన్ ప్రకారం డీఐఆర్ మేజిస్ట్రేట్‌కు వెళ్తుంది, నకళ్లు ఆ పరిధి పోలీసు స్టేషన్‌కు, సేవలందించే సంస్థలకు వెళ్తాయి. ఆ జాబితాలో పిల్లల రక్షణపై ఉత్తర్వులిచ్చే బాలల సంక్షేమ సమితి (సీడబ్ల్యూసీ) లేదు. అటు పిల్లల సంరక్షణ కోసం ఉన్న జువెనైల్ జస్టిస్ చట్టంలోనేమో తల్లి డీవీ కేసు ప్రస్తావన లేదు. రెండు మంచి చట్టాలు పక్కపక్కనే నడుస్తున్నాయి, మధ్యలో వంతెన మనమే వేయాలి. వేయడానికి అడ్డేమీ లేదు. జువెనైల్ జస్టిస్ చట్టం 31వ సెక్షన్ ప్రకారం పోలీసులు, డీసీపీయూ, సామాజిక కార్యకర్త, నర్సు, డాక్టరు, ప్రజల మేలు కోరే ఏ పౌరుడైనా బిడ్డను సీడబ్ల్యూసీ ముందుకు తీసుకురావచ్చు. బిడ్డ తనంతట తానే రావచ్చు.

మొదటి పని: పిల్లలున్న ప్రతి డీఐఆర్‌తోపాటు ఒక పేజీ విడిగా రాయండి. ఒక్కో బిడ్డకు ఒక్కో వరస. పేరు, వయసు, బడి లేదా అంగన్‌వాడీ, చివరిసారి ఎవరు కళ్లారా చూశారు, ఏ తేదీన. "ఇద్దరు పిల్లలు కలరు" అని ఒక్క ముక్కతో సరిపెట్టిన డీఐఆర్‌తో ఎవరూ ఏమీ చేయలేరు.

రెండోది, రాసే భాష. జువెనైల్ జస్టిస్ చట్టం 2(14)లో సంరక్షణ, రక్షణ అవసరమైన బిడ్డ ఎవరో చెప్పేటప్పుడు, కలిసి ఉంటున్న మనిషి ఆ బిడ్డను గాయపరచడం, హింసించడం, నిర్లక్ష్యం చేయడం, చంపుతానని బెదిరించడం వంటివి చెప్పారు. తల్లిని కొట్టడం "చూడటం" అని విడిగా రాయలేదు. అందుకే "పిల్లలు చూశారు" అని రాస్తే ఫైలు అక్కడే ఆగుతుంది. "రాత్రి 11కు తల్లితోపాటు ఇద్దరు పిల్లల్నీ బయటికి నెట్టి తలుపు వేశాడు, తెల్లవారే దాకా మెట్ల మీద ఉన్నారు, చిన్నవాడికి జ్వరం" అని రాయండి. ఇది బిడ్డకు జరిగింది. ఇదే చట్టంలోని 75వ సెక్షన్ బిడ్డ బాధ్యత చేతిలో ఉన్న మనిషి అనవసరమైన శారీరక, మానసిక బాధ కలిగిస్తే మూడేళ్ల వరకు జైలు లేదా లక్ష రూపాయల జరిమానా లేదా రెండూ అంటోంది. వాస్తవం వివరంగా ఉంటేనే ఈ సెక్షన్ పనికొస్తుంది.

మూడోది, కలిసి కూర్చోవడం. 15 రోజులకోసారి, ప్రమాదం ఎక్కువున్న ఇళ్ల గురించి మాత్రమే. ప్రొటెక్షన్ ఆఫీసర్, ఆ స్టేషన్లో చైల్డ్ వెల్ఫేర్ పోలీసు ఆఫీసర్, డీసీపీయూ సోషల్ వర్కర్, సఖి కేంద్రం (హింసకు గురైన మహిళలకు సాయం అందించే కేంద్రం) కౌన్సెలర్, జిల్లా న్యాయసేవాధికార సంస్థ నుంచి ఒకరు, బడి నుంచి హెచ్‌ఎం, ఆరోగ్య కేంద్రం నుంచి ఏఎన్ఎం. ఏడుగురు దాటితే ఎవరూ నోరు విప్పరు. సీడబ్ల్యూసీ సభ్యుల్ని ఇందులో కూర్చోబెట్టకపోవడమే మంచిదని మా అభిప్రాయం. వాళ్లకు ఫస్ట్‌క్లాస్ మేజిస్ట్రేట్ అధికారాలున్నాయి, తీర్పు చెప్పేవాళ్లు ముందే చర్చలో ఉంటే అవతలివాళ్లు వేలెత్తి చూపుతారు. వాళ్లకు నివేదిక వెళ్లాలి.

ప్రతి ఒక్కరూ తమ దగ్గరున్న తేదీలు తెచ్చి ఒకే వరసలో రాస్తే ఆ ఇంటి బొమ్మ తెలుస్తుంది. ఏఎన్ఎం దగ్గర: మార్చి 3న తల్లి "జారిపడ్డాను" అని వచ్చింది, నాలుగో నెల గర్భం. స్టేషన్లో: మార్చి 2 రాత్రి 112కు ఫోన్, "సర్దిచెప్పి పంపాం". బళ్లో: మార్చి 3 నుంచి 7 దాకా పిల్ల రాలేదు. ఏ ఒక్కటి చూసినా చిన్న సంగతే. మూడూ పక్కపక్కన పెడితే గర్భిణిని కొట్టారని, పిల్ల అయిదు రోజులు ఇల్లు కదల్లేదని కనబడుతుంది.

ఏ ఇంటిని ముందు చేపట్టాలి? గొంతు పట్టుకుని నులమడం జరిగిందా, కత్తి లాంటిది చూపాడా, చంపుతానని, తానూ చస్తానని అంటున్నాడా, ఆమె గర్భవతా, విడిపోతానని చెప్పిందా లేక ఇప్పుడే వచ్చేసిందా, వెంటాడుతున్నాడా, ఈ మధ్య దెబ్బల మధ్య ఎడం తగ్గిందా. వీటిలో గొంతు నులమడాన్ని తేలిగ్గా తీసుకుంటారు, పైకి మచ్చ పడకపోవచ్చు కాబట్టి. లోపలి వాపు గంటల తర్వాత ప్రాణం మీదికి తేవచ్చు, అదే రోజు డాక్టరుకు చూపించాలి. డీఐఆర్ లేదని ఆసుపత్రి వైద్యం నిరాకరించకూడదు. ఇక విడిపోయిన కొత్తలోనే ప్రమాదం పెరుగుతుంది. "పుట్టింటికి వెళ్లిపోయింది, కేసు ముగిసింది" అని ఫైలు మూసే చోటే చాలా సమావేశాలు పొరపాటు పడతాయి.

ఇంకో పొరపాటు మరీ మామూలు. మినిట్స్ తీసి చూస్తే పనులన్నీ తల్లి పేరు మీదే ఉంటాయి: తల్లి కౌన్సెలింగ్‌కు రావాలి, తల్లి పిల్లల్ని బడికి పంపాలి, తల్లి ఫిర్యాదు ఇవ్వాలి. కొట్టిన మనిషి గురించి ఒక్క వాక్యం ఉండదు. ఆయన ఎక్కడ పనిచేస్తాడు, ఏ వేళకు ఇంటికొస్తాడు, పాత కేసులున్నాయా, ఉత్తర్వు ఆయన చేతికి అందిందా, మీరితే ఎవరు వెళ్తారు? ప్రతి సమావేశంలో కనీసం ఒక పని ఆయనకు సంబంధించి ఉండాలి. ప్రతి పని ఎదురుగా ఒక మనిషి పేరు, ఒక తేదీ ఉండాలి. "సంబంధిత శాఖ చర్య తీసుకోవాలి" అని రాస్తే ఎవరూ తీసుకోరు.

సమాచారం చేరవేసేటప్పుడు జాగ్రత్త. బిడ్డ పేరు, ఫొటో వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు. బిడ్డ ఎవరో పత్రికల్లో, ఏ ప్రసార మాధ్యమంలో బయటపెట్టినా జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు లేదా రెండు లక్షల వరకు జరిమానా లేదా రెండూ. హెచ్‌ఎంకు తెలియాల్సింది బడి దగ్గర ఏం చూడాలన్నది, తల్లి వైద్య వివరాలు కాదు.

ప్రొటెక్షన్ ఆఫీసరే ఒక్కరు, జిల్లా అంతా ఆయనే అని మీలో చాలామంది అంటారు. జిల్లా, తాలూకా స్థాయిలో అధికారులను గుర్తించి ప్రొటెక్షన్ ఆఫీసర్లుగా నియమించాలని సుప్రీంకోర్టు 2025 మేలో రాష్ట్రాలను ఆదేశించింది. మీ ప్రాంతంలో ఎవరి పేరు వచ్చిందో మహిళా శిశు సంక్షేమ శాఖను అడిగి, ఆ పేరు, నంబరు ప్రతి స్టేషన్ గోడ మీదా ప్రతి అంగన్‌వాడీలోనూ అంటించండి.

ప్రశ్న: 112 కాల్ మీద వెళ్తాం. మేం వెళ్లేసరికి గొడవ సద్దుమణిగి ఉంటుంది, పిల్లలు నిద్రపోతున్నారంటారు. మేం పిల్లల విషయంలో ప్రత్యేకంగా చేయాల్సిందేమైనా ఉందా? (ఎస్ఐ)

జవాబు: ఉంది. నిద్రపోతున్నా సరే ఒక్కొక్కర్నీ కళ్లారా చూడండి. ఎంతమంది పిల్లలని ఇరుగుపొరుగునూ అడిగి లెక్క సరిచూడండి. భార్యాభర్తలతో వేర్వేరుగా, ఒకరికొకరు వినబడనంత దూరంలో మాట్లాడండి. తల్లికి భాష రాకపోతే బిడ్డను దుబాసీగా పెట్టుకోవద్దు. తండ్రి ముందు "నాన్న కొట్టాడా చెప్పు" అని అడగడం ఆ బిడ్డను బోనులో నిలబెట్టడమే.

పిల్లల పేర్లు, వయసులు, బడి పేరు స్టేషన్ జనరల్ డైరీ (జీడీ)లో రాసి, మర్నాడు పొద్దున చైల్డ్ వెల్ఫేర్ పోలీసు ఆఫీసర్‌కు అందేలా చూడండి. ప్రతి స్టేషన్లో ఏఎస్ఐకి తగ్గని హోదాలో ఒకరు ఉండాలని చట్టం చెబుతోంది. 15 ఏళ్లలోపు పిల్లవాణ్ణి, ఏ వయసు ఆడపిల్లనైనా సాక్ష్యం కోసం స్టేషన్‌కు రమ్మనకూడదు, వాళ్లున్న చోటికి వెళ్లాలి, అదీ మామూలు బట్టల్లో. బిడ్డను తరలించాల్సి వస్తే ప్రయాణ సమయం తీసేసి 24 గంటల్లో సీడబ్ల్యూసీ ముందుంచాలి. సమితి ఆ రోజు కూర్చోకపోతే ఒక సభ్యుడి ముందు హాజరుపరచినా చెల్లుతుంది. తరలించాల్సింది కొట్టిన మనిషినేమో ముందు ఆలోచించండి.

ప్రశ్న: మా అమ్మాయి పిల్లల్ని తీసుకుని మా ఊరొచ్చేసింది. టీసీ లేనిదే చేర్చుకోమంటున్నారు ఇక్కడి బడివాళ్లు. టీసీ కోసం వెళ్తే అల్లుడికి తెలిసిపోతుంది. ఏం చేయాలి? (అమ్మమ్మ)

జవాబు: అమ్మా, టీసీ లేదని చేర్చుకోకుండా ఉండకూడదు. విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం టీసీ ఆలస్యమైందని అడ్మిషన్ ఆపడం, నిరాకరించడం చెల్లదు. వయసు పత్రం లేదని కూడా ఆపకూడదు. ఇది 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు, ఎనిమిదో తరగతి దాకా. ఒప్పుకోకపోతే ఎంఈఓకు రాసివ్వండి, టీసీ తల్లి చిరునామా లేకుండా బడి నుంచి బడికే తెప్పించమని కోరండి.

పిల్లల ఆధార్‌కు, స్కాలర్‌షిప్పు బ్యాంకు ఖాతాకు ఎవరి ఫోన్ నంబరు ఉందో చూడండి. అల్లుడిదైతే ఓటీపీలన్నీ ఆయనకే పోతాయి, కొత్త ఊరు అలాగే తెలిసిపోతుంది. కొత్త బళ్లో హెచ్‌ఎంను కలిసి పిల్లల్ని ఎవరు తీసుకెళ్లవచ్చో పేర్లు రాసివ్వండి, కోర్టు ఉత్తర్వు ఉంటే నకలు ఇవ్వండి. ఉత్తర్వు లేకుండా తండ్రిని ఆపడం బడికి కష్టం. మీ అమ్మాయి డీవీ కేసు మీ ఊరి కోర్టులోనే వేయవచ్చు. తాత్కాలికంగా ఉంటున్న చోటైనా చెల్లుతుంది. లాయరు ఖర్చు గురించి బెంగపడొద్దు. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా న్యాయసేవాధికార సంస్థ లాయరును ఇస్తుంది, నంబరు 15100.

ప్రశ్న: 1098కి చేస్తే పిల్లల్ని హోంలో వేసేస్తారట, నిజమేనా? (ఒక తల్లి)

జవాబు: కాదు. జువెనైల్ జస్టిస్ చట్టంలోనే పిల్లల్ని సంస్థలో ఉంచడం అన్నీ అయ్యాక చివరి దారి అని రాసి ఉంది. సీడబ్ల్యూసీ విచారణలో సామాజిక పరిశోధన నివేదిక 15 రోజుల్లో రావాలి, తుది ఉత్తర్వు నాలుగు నెలల్లో ఇవ్వాలి. ఆ నివేదిక రాసేవారు ఇంటికి వచ్చినప్పుడు మీరు పిల్లల కోసం చేసినవన్నీ చెప్పండి: ఏ రాత్రి ఎవరింటికి తీసుకెళ్లారు, ఎప్పుడు డాక్టరుకు చూపించారు. దెబ్బలు తిన్న తల్లినే "పిల్లల్ని కాపాడలేకపోయింది" అని తప్పుపట్టే నివేదికలు ఉన్నాయన్నది నిజం. అలాంటిది మీకు ఎదురైతే న్యాయసేవాధికార సంస్థ లాయరుతో అభ్యంతరం రాతపూర్వకంగా పెట్టించండి. తల్లి దగ్గర పిల్లల్ని లాక్కుంటారన్న మాట ఒక్క ఊళ్లో పాకితే ఆ ఊళ్లో ఇంకే తల్లీ ఫోన్ చేయదు. అధికారులు కూడా ఇది గుర్తుపెట్టుకోవాలి.

భర్త నుంచి విడిపోయి పిల్లల్ని పెంచుతున్న తల్లికి కేంద్ర పథకం మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్ కింద బిడ్డకు నెలకు 4,000 రూపాయలు వచ్చే వీలుంది. ఆదాయ పరిమితి ఉంటుంది, దరఖాస్తు డీసీపీయూలో. తలదాచుకోవడానికి సఖి కేంద్రంలో 5 రోజుల వరకు ఉండనిస్తారు. మగపిల్లలకు వయసు పరిమితి ఉంది కాబట్టి కొడుకు పెద్దవాడైతే బయల్దేరేముందే 181కి చెప్పి ఎక్కడికి పంపుతారో అడగండి.

ప్రశ్న: స్టేషన్లో ఇద్దర్నీ కూర్చోబెట్టి, "ఇక కొట్టను" అని కాగితం రాయించి పంపించారు. పెద్దమనుషులు కూడా పిల్లల కోసం సర్దుకుపొమ్మంటున్నారు. (పాఠకురాలు)

జవాబు: ఆ కాగితానికి కోర్టు ఉత్తర్వుకున్న బలం లేదు. మీరితే దాని ఆధారంగా అరెస్టు చేయరు. గృహహింస చట్టంలో కౌన్సెలింగ్ ఉంది, కానీ అది మేజిస్ట్రేట్ ఆదేశంతో, అర్హత ఉన్న కౌన్సెలర్ దగ్గర జరగాలి. అక్కడ కూడా కొట్టడానికి ఫలానా కారణముందని సమర్థించుకోవడానికి అవతలివాళ్లను అనుమతించకూడదని నియమాల్లోనే ఉంది. ఆ కాగితం నకలు మాత్రం పారేయకండి. "ఇక కొట్టను" అని రాశాడంటే ఇదివరకు కొట్టాడని ఒప్పుకున్నట్టే, డీఐఆర్‌కు జతచేయించండి. పిల్లల కోసం సర్దుకోమనేవాళ్లకు పైన టీచరు గారి ఉత్తరం చదివి వినిపించండి.

ప్రశ్న: కోర్టు నెలకు రెండుసార్లు తండ్రికి పిల్లవాణ్ణి చూపించమంది. చూసొచ్చిన రాత్రి వాడు పక్క తడుపుతున్నాడు, "అమ్మ ఎక్కడుంటుందో చెప్పమన్నాడు" అంటున్నాడు. పంపడం మానేయనా? (ఒక తల్లి)

జవాబు: మీ అంతట మీరు మానేస్తే ఉత్తర్వు ధిక్కరించారని మీమీదే పిటిషన్ పడుతుంది. ఉత్తర్వు మార్పించండి. బిడ్డకు హాని అనిపిస్తే ఆ కలయికను నిరాకరించే అధికారం గృహహింస చట్టం 21వ సెక్షన్ మేజిస్ట్రేట్‌కు ఇచ్చింది. దానికి ఆధారం కావాలి. ప్రతి కలయికకూ ఒక వరస రాయండి: తేదీ, ఎన్నింటికి తీసుకెళ్లాడు, ఎన్నింటికి తెచ్చాడు, వాడు తనంతట తాను అన్న మాటలు, ఆ రాత్రి, మర్నాడు ఎలా ఉన్నాడు. మీరు గుచ్చి గుచ్చి అడగొద్దు. పిల్లల డాక్టరుకు చూపించి ఆ చీటీ పెట్టుకోండి, బడి టీచరును హాజరు, ప్రవర్తన రాసివ్వమనండి.

ఈలోగా అప్పగింత మీ ఇంటి దగ్గర గానీ బడి గేటు దగ్గర గానీ పెట్టుకోకండి. కోర్టు ఆవరణలోనో సఖి కేంద్రంలోనో, మూడో మనిషి సమక్షంలో జరిగేలా మెమో వేయించండి. మీరు వెళ్లకుండా మీ అన్నయ్యో అక్కో తీసుకెళ్తే మేలు. తిరిగొచ్చేటప్పుడు తిన్నగా ఇంటికి రాకుండా జనం ఉన్న చోట పది నిమిషాలు ఆగి, వెనక ఎవరూ లేరని చూసుకుని కదలమనండి. పిల్లవాడి దగ్గర ఫోన్, స్మార్ట్ వాచీ, తండ్రి ఇచ్చిన కొత్త బొమ్మ ఉంటే లొకేషన్ చూపే పరికరమేమీ లేదని సరిచూడండి. వాడితో మాత్రం, "నాన్న అడిగితే 'నాకు తెలీదు, అమ్మనడుగు' అని చెప్పు, నీకేం కాదు" అనండి. అబద్ధం చెప్పే భారం, నిజం దాచే భారం రెండూ వాడి మీద పెట్టొద్దు.